కదనరంగమున మాట

యుద్ధమనగానే బాలుర మనస్సునకు మొదట తోచునవి ఆయుధములు. ఫిరంగులు, తుపాకులు, ట్యాంకులు, యుద్ధవిమానములు కన్నులయెదుట మెదలును. వీరుల చిత్రములు గీయువారు సైతము వారి చేతికి ఖడ్గమునో తుపాకినో ఇత్తురు. వీరుని చెవిని, నోటిని ఎవరును ప్రత్యేకముగా చిత్రింపరు. నిజమునకు కదనరంగమున సైనికుని ప్రాణము ఈ రెండింటిపై ఆధారపడినంతగా మరి దేనిపైనను ఆధారపడదు. తోడివాడు ఎక్కడ నున్నాడో, శత్రువు ఏ దిక్కునుండి వచ్చుచున్నాడో, ముందునకు సాగవలయునో నిలువవలయునో అతనికి తెలియవలయును. తెలియనిచో వేయిమంది నడుమ నున్నను అతడు ఒంటరియే. తుపాకిని ఎవరిపై పేల్చవలయునో ఎరుగనివాడు తనవారికే అపాయము తెచ్చిపెట్టును.

కావున మాటను కూడ ఆయుధములలో నొకటిగా ఎంచుట న్యాయము. తుపాకిని శుభ్రపరచుట, గురిచూచుట ఎంత శ్రద్ధతో నేర్పుదురో, స్పష్టముగా చెప్పుట, శ్రద్ధగా వినుట, తెలియనిచో తిరిగి అడుగుట అంత శ్రద్ధతో నేర్పవలయును. యంత్రములు మెరుగైన కొలది ఈ శిక్షణ యొక్క అవసరము తగ్గునని కొందరు తలంతురు. యుద్ధముల చరిత్ర ఆ అభిప్రాయమును బలపరచుటలేదు.

ఈ సత్యమును భారతకథ ఎన్నడో చెప్పినది. కురుక్షేత్రమున ఒక్కొక్క వీరునకు ఒక్కొక్క శంఖము కలదు. కృష్ణునిది పాంచజన్యము, అర్జునునిది దేవదత్తము, భీమునిది పౌండ్రము. ఆ నాదములు కేవలము ఉత్సాహము కొరకు కాదు. ఆ ధూళిలో, ఆ కోలాహలములో ఎవరు ఎక్కడ నున్నారో తమవారికి తెలుపు గుర్తులు. సైంధవవధ జరిగిన దినమున ధర్మరాజునకు పాంచజన్యము వినవచ్చెను గాని గాండీవపు టంకారము వినరాలేదు. అర్జునునకు కీడు వాటిల్లెనేమో యని అతడు కలవరపడి మొదట సాత్యకిని, పిదప భీముని పంపెను. భీముడు అర్జునుని చూచినంతనే సింహనాదము చేసెను. దూరమున నున్న ధర్మరాజు దానిని విని ఊరట చెందెను. ఒక ధ్వని లేకపోవుట దుర్వార్త యైనది. ఒక ధ్వని వినబడుట శుభవార్త యైనది.

ఆ ద్రోణపర్వమునందే మరియొక ఘట్టము కలదు. అశ్వత్థామ యను ఏనుగును భీముడు చంపెను. అశ్వత్థామ మరణించెనా యని ద్రోణుడు ధర్మరాజు నడిగినప్పుడు అతడు ఔనని చెప్పి, ఏనుగు అను మాటను మెల్లగా పలికెను. రణఘోషలో ఆ చివరి మాట ఆచార్యునకు వినబడలేదు. సత్యవంతుడని పేరుగన్నవాడు చెప్పినందున ద్రోణుడు మరల అడుగలేదు, అస్త్రములు విడిచెను, ప్రాణములను గోల్పోయెను. ధర్మాధర్మముల విచారము అటుంచినను, యుద్ధమున సగము వినబడిన మాట ఎంత పని చేయునో ఈ కథ నేర్పుచున్నది.

భేరి, శంఖము, కొమ్ము, ధ్వజము - ఇవి చిరకాలము సైన్యములకు నోరై నిలిచినవి. ధ్వజము పడిపోయినచో సేన చెదరుటకు కారణము అభిమానభంగ మొక్కటే కాదు. ఎచ్చట గుమికూడవలయునో తెలుపు గుర్తు పోయినదని ప్రతి సైనికుడును గ్రహించెడివాడు. పిదప బ్యూగిల్ వచ్చెను. 1869లో హెన్రీ మాన్స్ అను ఆంగ్లేయుడు అద్దముతో సూర్యకాంతిని ప్రతిఫలింపజేసి సంకేతములు పంపు హీలియోగ్రాఫును రూపొందించెను. మబ్బులేని కొండప్రాంతములలో ఒక శిఖరమునుండి మరియొక శిఖరమునకు పెక్కు మైళ్ళ దూరము దానితో వార్త పంపగలిగిరి. కాని మబ్బు పట్టినచో అది మూగపోవును. సాధనము ఏదైనను దానికొక హద్దు కలదని అప్పటి సైనికులు ఎరుగుదురు.

సాధనములో లోపమేమియు లేక మాటలోనే లోపమున్నచో ఏమి జరుగునో 1854 అక్టోబరు 25వ తేదీన క్రిమియా దేశమునందలి బాలక్లావాయొద్ద వెల్లడియైనది. బ్రిటిషు సేనాధిపతి రాగ్లన్ ప్రభువు ఎత్తైన గుట్టపై నిలిచి యుండెను. రష్యనులు తాము పట్టుకొన్న ఫిరంగులను ఒక ప్రక్కనున్న గట్టుమీదినుండి తరలించుకొని పోవుచున్నట్లు అతనికి కనబడెను. దానిని అడ్డగింపవలసినదని అశ్వదళమునకు ఉత్తరువు పంపదలచెను. అతని మాటను ఏరీ యను అధికారి కాగితముపై వ్రాసెను. నోలన్ అను కెప్టెను దానిని తీసికొని గుట్ట దిగి గుర్రముపై పరుగెత్తెను.

క్రింద లోయలో నున్న లూకన్ ప్రభువు ఆ చీటిని చదివెను. అందులో ఫిరంగులని యుండెను గాని ఏ ఫిరంగులో స్పష్టముగా లేదు. గుట్టపై నున్నవానికి కనబడినవి లోయలో నున్నవానికి కనబడవు. అతని కంటికి తోచినవి మైలునకు పైగా దూరమున లోయ చివర నున్న శత్రువుల ఫిరంగులు మాత్రమే. ఏ ఫిరంగులని అతడు ప్రశ్నింపగా నోలన్ చేయి చాచి అస్పష్టముగా ఒక దిక్కు చూపెను. లూకన్ మరల అడుగలేదు. ఆజ్ఞను తన క్రిందనున్న కార్డిగన్ ప్రభువునకు అందించెను. వారిద్దరును బావమరదులు, ఒకరి నొకరు సహింపలేనివారు. ఆ ద్వేషము వలన వారి నడుమ సావధానముగా మాట జరుగుటకు వీలులేకపోయెను.

సుమారు 670 మంది రౌతులు లోయలోనికి దూసికొనిపోయిరి. ఎదుటినుండియు, రెండు ప్రక్కలనుండియు ఫిరంగులు వారిపై గుండ్లు కురిసెను. నూరుమందికి పైగా మడిసిరి. అంతకంటె నెక్కువమంది గాయపడిరి. ఆజ్ఞను తెచ్చిన నోలన్ మొట్టమొదట కూలినవారిలో నొకడు. అందువలన చేయి ఏ దిక్కున చూపితినని అతడు తలచెనో ఎవరికిని తెలియకుండ పోయినది. లోకము ఆ రౌతుల సాహసమును కొనియాడినది. సాహసము కొనియాడదగినదే. కాని ఆ సాహసమును అనవసరముగా బలిగొన్న చీటిని గూర్చి విద్యార్థులు అంతకంటె నెక్కువగా ఆలోచింపవలయును. చెప్పువాడు తనకు కనబడునదే విను వానికిని కనబడునని తలంచుట మొదటి తప్పు. తెచ్చినవాడు వివరింపక విసుగుకొనుట రెండవ తప్పు. విన్నవాడు సందేహముండియు రెండవసారి అడుగకుండుట మూడవ తప్పు. ఈ మూడింటిలో నేదియు శత్రువు చేసినది కాదు.

1914లో మొదటి ప్రపంచ సంగ్రామము ఆరంభమగు నాటికి టెలిఫోను, వైర్‌లెస్ వచ్చియున్నవి. ఇక గుర్రముపై చీటీలు మోయు అవసరము తీరిపోయినదని అనుకొనుటకు వీలు కలిగెను. కాని కందకములలో పరచిన టెలిఫోను తీగెలను ఫిరంగి గుండ్లు తెంపివేయుచుండెను. తీగెలను ఆరడుగుల లోతున పాతిపెట్టిరి. నిచ్చెనవలె రెండు మూడు వరుసలుగా పరచి నడుమ అడ్డుతీగెలు కలిపిరి. ఒక చోట తెగినను మరియొక దారిన మాట పోవునని వారి ఆశ. తెగిన తీగెను వెదకి ముడివేయుటకు సిగ్నల్ దళమువారు గుండ్లవానలో ప్రాకుచు పోయెడివారు. ఇంత చేసినను సైనికులు కందకము వీడి ముందునకు సాగినంతనే తీగె వెనుకనే నిలిచిపోవును. అప్పుడు మిగిలినది మనిషి కాళ్ళు. ఒకే వార్తను ఇద్దరు వార్తాహరులకిచ్చి రెండు దారుల పంపెడివారు. ఒక్కడైనను చేరునని నమ్మకము. 1916 జూలై 1వ తేదీన సోమ్ నదీప్రాంతమున బ్రిటిషు సైన్యమున 57,000 మందికి పైగా హతులును క్షతగాత్రులును ఐరి. వారిలో 19,000 మందికి పైగా మరణించిరి. అంతటి నష్టము కలిగినదని ప్రధాన స్థావరమునకు ఆ దినమున తెలియనేలేదు. లక్షలకొలది సైన్యమును, వేలకొలది ఫిరంగులను కూర్చుకొన్న సేనాధిపతులు కొన్ని మైళ్ళ దూరమున తమవారి గతి ఏమైనదో ఎరుగక కూర్చుండిరి.

ఆ సంగ్రామపు చివరి దినములలోని ఒక సంఘటన మాట విలువను మరియొక విధమున చూపుచున్నది. 1918 అక్టోబరు నెలలో ఫ్రాన్సు దేశపు ఆర్గాన్ అడవిలో మేజర్ విట్లెసీ నాయకత్వమున సుమారు 550 మంది అమెరికా సైనికులు శత్రువుల నడుమ చిక్కుకొనిరి. వారి వార్తాహరులు దారిలోనే చంపబడుచుండిరి. 4వ తేదీన మరియొక విపత్తు వచ్చిపడెను. వారెచ్చట నున్నారో సరిగా తెలియని స్వపక్షపు ఫిరంగులే వారిపై గుండ్లు కురియసాగెను. విట్లెసీ ఒక చిన్న చీటి వ్రాసి తమయొద్ద మిగిలిన చివరి పావురమునకు కట్టి విడిచెను. ఆ పావురము షెర్ ఆమి అను పేర ప్రసిద్ధికెక్కినది. గాయపడి ఒక కాలు పోగొట్టుకొన్న ఆ పక్షి దేహమును నేటికిని వాషింగ్టను నగరమునందలి వస్తుప్రదర్శనశాలలో భద్రపరచియున్నారు.

పావురము ధైర్యమును అందరును పొగడుదురు. చీటిలోని మాటలును పొగడదగినవే. తామెచ్చట నున్నదియు, ఏమి జరుగుచున్నదియు, ఏమి చేయవలసినదియు అతడు కొద్ది మాటలలో వ్రాసెను. భయము లేదు, నింద లేదు, ఒక్క వ్యర్థపదము లేదు. ఎవరి తప్పువలన తమపై గుండ్లు పడుచున్నవో ఆ చీటిలో అతడు విచారింపలేదు. వానిని ఆపుటకు ఏమి తెలియవలయునో దానినే చెప్పెను. దళము విడిపింపబడిన నాటికి తమ కాళ్ళపై నడచి బయటకు రాగలిగినవారు సుమారు 200 మంది. బాలక్లావా చీటియు, ఈ చీటియు రెండును చిన్నవే. ఒకటి నూరుమందిని బలిగొన్నది. మరియొకటి మిగిలినవారు బ్రతుకుటకు తోడ్పడినది.

ఇట్టి అనుభవముల నుండియే నేటి సైన్యముల భాషానియమములు పుట్టినవి. వైర్‌లెస్‌లో బి, డి, పి, టి అను ఆంగ్లాక్షరములు ఒక్కటిగానే వినబడును. అందువలన ప్రతి అక్షరమునకును ఒక పదమును నిర్ణయించిరి. ఆల్ఫా, బ్రావో, చార్లీ, డెల్టా అని సాగు పట్టిక 1956 నుండి పెక్కు దేశములలో వాడుకలో నున్నది. ఫైవ్ అనినది నైన్‌గా వినబడకుండుటకు తొమ్మిదిని నైనర్ అందురు. సంఖ్యలను ఒక్కొక్క అంకెగా విడదీసి చెప్పుదురు. తెలుగువారికి ఈ జాగ్రత్త అర్థమగుట కష్టము కాదు. గాలిహోరులో ఇరువది, అరువది అను మాటలను దూరమునుండి కేకవేసి చెప్పి చూచినచో భేదము తెలియుట ఎంత కష్టమో తెలియును. రెండు, సున్న అని చెప్పినచో ఆ చిక్కు తీరును.

మరల చెప్పుమని అడుగుటకు సైనికులు రిపీట్ అను మాటను వాడరు. సే ఎగైన్ అందురు. ఏలయన ఫిరంగిదళపు పరిభాషలో రిపీట్ అనగా మునుపటి చోటనే మరల గుండ్లు వేయుమని అర్థము. ఒక మాటకు బదులు మరియొక మాట వాడినచో ఒక గ్రామము నేలమట్టము కావచ్చును. మాట తనకు చేరినదని చెప్పుటకు రోజర్ అందురు. చెప్పినట్లు చేయుదునని తెలుపుటకు విల్కో అందురు. ఈ రెండును వేరుగా ఉంచుటలో గొప్ప వివేకము కలదు. వినుట వేరు, అంగీకరించి చేయుట వేరు. ముఖ్యమైన ఆజ్ఞను విన్నవాడు దానిని తిరిగి అప్పగించి చెప్పును. చెప్పినవాడు సరియే యని ధ్రువపరచును. చిన్న పాఠశాలలో ఎక్కములు అప్పగించు బాలుని వలె పెద్ద పెద్ద అధికారులును ఈ పని చేయుదురు. దానిని ఎవరును అవమానముగా తలంపరు.

రాత్రివేళ శత్రువుల సమీపమున సంచరించు దళమునకు మాట కూడ పనికిరాదు. అప్పుడు చేతులే మాటలాడును. బిగించిన పిడికిలి పైకెత్తినచో నిలువుమని అర్థము. అరచేతిని క్రిందికి కదల్చినచో వంగుమని అర్థము. ముందువాడు చూపిన గుర్తును వెనుకవాడు తన వెనుకవానికి చూపవలయును. వరుసలో ఒక్కడు ఏమరుపాటు చెందినను గుర్తు అక్కడనే తెగిపోవును.

మాట తనవారికి తెలియుట ఎంత ముఖ్యమో పరులకు తెలియకుండుట అంత ముఖ్యము. 1914 ఆగస్టులో టానెన్‌బర్గ్ యుద్ధమున రష్యనులు పెక్కు ఆజ్ఞలను సంకేతభాషలోనికి మార్చక బహిరంగముగా వైర్‌లెస్‌లో పంపిరి. జర్మనులు వానిని విని రష్యా సేనలు ఎచ్చటికి కదలునో ముందుగనే గ్రహించిరి. సుమారు 90,000 మంది రష్యనులు బందీలైరి. వారి సేనాని సామ్సనోవ్ ఆత్మహత్య చేసికొనెను.

రహస్యరక్షణకు మాతృభాష సాయపడిన ఉదంతమొకటి కలదు. రెండవ ప్రపంచ సంగ్రామ కాలమున, 1942లో, ఫిలిప్ జాన్‌స్టన్ అను అమెరికను సూచన పై నవాహో తెగకు చెందిన 29 మంది యువకులను ఆ దేశపు మెరైన్ దళమున చేర్చుకొనిరి. వారు తమ భాషాపదములతో నొక సంకేతభాషను కల్పించిరి. ట్యాంకును తాబేలనిరి, చేతిబాంబును బంగాళాదుంప అనిరి, జలాంతర్గామిని ఇనుపచేప అనిరి. నవాహో భాష తెలిసినవానికి సైతము ఈ సంకేతములు నేర్వనిచో భావము తెలియదు. క్రమముగా సుమారు 400 మంది ఈ పనిలో శిక్షణ పొందిరి. 1945లో ఇవో జిమా ద్వీపమున పోరు మొదలైన రెండు దినములలోనే ఆరుగురు నవాహోలు 800కు పైగా వార్తలను ఒక్క పొరపాటైనను లేకుండ పంపిరి, అందుకొనిరి. జపానీయులు ఆ సంకేతములను ఛేదింపలేకపోయిరి.

ఈ వృత్తాంతమునందు మనస్సును కలచు విషయమొకటి కలదు. నవాహో బాలురు బడిలో తమ భాష మాటలాడినచో ఉపాధ్యాయులు శిక్షించెడి కాలమది. ఏ భాషను నాలుకపైనుండి తుడిచివేయవలెనని ఆ ప్రభుత్వము ప్రయత్నించినదో, ఆ భాషయే ఆ ప్రభుత్వపు సైనికులను కాపాడినది. 1968 వరకు ఆ పని రహస్యముగా నుండినందున ఆ వీరులు తమ సేవను గూర్చి పరులకు చెప్పుకొనుటకు కూడ వీలు లేకపోయెను. మొదటి 29 మందికి 2001లో అమెరికా కాంగ్రెసు స్వర్ణపతకములు లభించినవి. అప్పటికి వారిలో పెక్కుమంది జీవించి లేరు. ఏ భాషను గాని నిరుపయోగమని త్రోసివేయువారు ఈ కథను ఒక్కసారి తలచుకొనవలయును.

భారతసైన్యమునకు ఈ విషయము మరింత ముఖ్యము. ఇన్ని భాషల యువకులు ఒకే కందకమున నిలుచు సైన్యములు లోకమున తక్కువ. ఆంధ్రప్రదేశ్, తెలంగాణముల నుండి సైన్యమున చేరువారిలో ననేకులు నీలగిరులలోని వెల్లింగ్టనున గల మద్రాసు రెజిమెంటు కేంద్రమునందును, బెంగుళూరునందలి మద్రాసు ఇంజనీరు దళమునందును శిక్షణ పొందుదురు. అచ్చట తెలుగువాడు తమిళునితో, మలయాళితో, కన్నడిగునితో కలిసి మెలగవలయును. అందరును హిందీ నేర్వవలయును. 1911 ఫిబ్రవరి 15వ తేదీన స్థాపింపబడిన సిగ్నల్ దళము సైన్యమంతటికి వార్తలను మోయు బాధ్యత వహించుచున్నది. విశ్రాంతివేళ సైనికుడు తన భాషలో పాటలు పాడుకొనును, ఇంటికి ఉత్తరము వ్రాయును. పోరువేళ అందరి భాష ఒక్కటి కావలయును. ఈ రెండింటికిని వైరము లేదు. మాతృభాష అతని మనస్సును నిలుపును. ఉమ్మడిభాష అతని ప్రాణమును నిలుపును. ఒకదాని కొరకు మరియొకదానిని వదలుకొనుమనువారు సైనికుని అవసరమును ఎరుగనివారు.

ఐనను ఎన్ని నియమములు నేర్చినను, ఎన్ని యంత్రములు కూర్చినను, ఒక్కొక్కప్పుడు తీగె తెగును, వైర్‌లెస్ మూగపోవును. అప్పుడేమి మిగులును? 1962 నవంబరు 18వ తేదీన లడఖ్‌లోని రెజాంగ్ లా కనుమయొద్ద ఈ ప్రశ్నకు సమాధానము లభించినది. సుమారు 16,000 అడుగుల ఎత్తున, మేజర్ షైతాన్ సింగ్ నాయకత్వమున 13వ కుమావూ పటాలపు చార్లీ కంపెనీకి చెందిన సుమారు 120 మంది చైనా సేనల దాడిని ఎదిరించిరి. నడుమ కొండ అడ్డుపడుటచే భారత ఫిరంగుల సాయము వారికి అందదు. ప్రధాన స్థావరముతో సంబంధము తెగిపోయెను. నిలువుమనుటకు గాని, మరలుమనుటకు గాని వారికి వినబడు గొంతుక లేదు. కాని తామెందుల కచ్చట నిలిచియున్నారో వారిలో ప్రతివానికిని ముందుగనే తెలియును. నూరుమందికి పైగా అచ్చటనే నేలకొరగిరి. మరణించిన షైతాన్ సింగునకు పరమవీరచక్రము లభించెను. బ్రతికి వచ్చిన కొద్దిమంది చెప్పిన వృత్తాంతమును మొదట కొందరు నమ్మలేదు. 1963లో మంచులో దొరకిన దేహములు, చేతులలో పట్టు విడువని ఆయుధములు, వారి మాట నిజమని సాక్ష్యమిచ్చినవి.

ఆజ్ఞలోని అక్షరములను మాత్రమే నేర్పిన నాయకుని సైనికులు మాట తెగినంతనే చెల్లాచెదరగుదురు. ఆజ్ఞ వెనుకనున్న ఉద్దేశమును ముందుగా తెలిపిన నాయకుని సైనికులు మౌనములో సైతము అతని మాటను వినగలుగుదురు. మంచి నాయకుడు పోరు మొదలగుటకు పూర్వమే తన మాటలో చాలభాగమును చెప్పి ముగించును.

నేటి యంత్రములు ఈ చింత నంతటిని తీర్చివేసినవని వాదించువారు కలరు. ఉపగ్రహములు, చేతిఫోనులు, ఆకాశమునుండి చూచు డ్రోనులు ఉండగా ఒకరి మాట ఒకరికి తెలియకపోవుట అసంభవమని వారందురు. 2022లో రష్యా ఉక్రెయినుపై దండెత్తిన పిమ్మట జరిగిన సంఘటనలు ఈ వాదమునకు తగిన సమాధానము చెప్పినవి. 2023 నూతన సంవత్సరపు రాత్రి మకీవ్కా పట్టణమున ఒక విద్యాలయ భవనమున విడిసియున్న రష్యా సైనికులపై రాకెట్లు పడెను. 89 మంది మరణించిరనియు, నిషేధమున్నను సైనికులు చేతిఫోనులు వాడుటయే శత్రువు వారి ఉనికిని గుర్తించుటకు ముఖ్య కారణమనియు రష్యా సైన్యాధికారులే ప్రకటించిరి. టానెన్‌బర్గ్ గడచి నూరేండ్లు దాటినను మనుష్యుని ఏమరుపాటు మారలేదు. ఆ యుద్ధముననే శత్రువులు విద్యుత్తరంగములతో వైర్‌లెస్‌ను స్తంభింపజేయుటచే, సన్నని గాజుతీగెను వెంట లాగికొనిపోవు డ్రోనులను ఉభయపక్షములవారును వాడుటకు మొదలిడిరి. తీగెతో పనిచేయు పాత టెలిఫోనులును కందకములలో మరల కనబడినవి. యంత్రము ముందునకు పోయిన కొలది దానిని మూగచేయు యంత్రమును వెన్నంటి వచ్చును. మాట జాగ్రత్త ఒక్కటి మాత్రము ఏ కాలమునను పాతబడదు.

సైనికుని ధర్మము విధేయత యనియు, ప్రశ్నించుట విధేయతకు భంగమనియు మరికొందరందురు. ఈ వాదమును తేలికగా త్రోసివేయరాదు. గుండ్లు పడుచుండగా ప్రతి ఆజ్ఞకును కారణమడుగు సేన నిలువజాలదు. కాని ఆజ్ఞను ఎదిరించుట వేరు, అర్థము చేసికొనుటకు అడుగుట వేరు. చేయనని చెప్పువాడు అవిధేయుడు. ఏమి చేయవలయునో సరిగా తెలియక, ఆ తెలియమిని దాచి, తోచినట్లు చేయువాడు అంతకంటె నెక్కువ హాని చేయును. సే ఎగైన్ అను రెండు మాటలను పలుకుటకు సిపాయి భయపడని సైన్యమునందే నిజమైన క్రమశిక్షణ కలదు. ఆ మాటలు విని విసుగుకొనని అధికారియే నిజమైన అధికారి. బాలక్లావాలో కరవైనవి శౌర్యము, విధేయత, గుర్రములు కావు. రెండవసారి అడుగుటకు సరిపడు వినయమును, రెండవసారి చెప్పుటకు సరిపడు ఓర్పును.

ఈ ధర్మము సైనికులకే పరిమితము కాదు. విద్యుత్ స్తంభమెక్కబోవు లైన్‌మన్ సబ్‌స్టేషనునుండి ఎల్.సి. తీసికొనును, అనగా ఆ తీగెలో కరెంటు ఆపివేసితిమను మాటను పొందును. ఆ మాట ఏ తీగెను గూర్చియో ఇరువురకును ఒక్క తీరుగా తెలియకపోయినచో అతని ఇంట దీపమారిపోవును. వైద్యుడు చెప్పిన మందు మోతాదును నర్సు తిరిగి చదివి వినిపించును. రైలుబండిని కదలించుటకు పూర్వము స్టేషను మాస్టరులు ఒకరి మాటను ఒకరు ధ్రువపరచుకొందురు. వీరందరును యూనిఫారము వేసికొన్న సైనికులు కాకపోయినను, ఒక మాటపై ప్రాణములు నిలిపిన వారే.

ఈ శిక్షణకు తగిన మొదటి స్థానము పాఠశాల. పాఠము అర్థముకాని బాలుడు తోడివారు నవ్వుదురను సిగ్గుచే తలయూపి కూర్చుండుట తరచుగా జరుగును. అడిగినవానిని చూచి నవ్వువారును, ఇంకను తెలియలేదా యని కసరువారును ఆ తలయూపునకు బాధ్యులే. నేడు ఆ తలయూపు వలన పోవునవి కొన్ని మార్కులు మాత్రమే. రేపు ఆ బాలుడే ఫిరంగియొద్దనో, స్తంభముపైననో, రోగి ప్రక్కననో నిలుచును. తెలియనప్పుడు లేచి నిలువబడి, మరల చెప్పుడని అడుగగల ధైర్యమును అతడు తరగతిగదిలోనే అలవరచుకొనవలయును.